విండోస్ 7 కంప్యూటర్లో పాత క్రోమ్: బ్యాంకు పనులకు వాడవచ్చునా?

గోదారిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. రాజమహేంద్రవరంలో ఉంటున్న మా నాన్నగారి విషయమై ఒక సలహా కోరి రాస్తున్నాను. ఆయన తెలుగు పండితులుగా పదవీ విరమణ చేశారు. ఇంట్లో 2012లో కొన్న కంప్యూటరు ఉంది. అందులో ఉన్నవి విండోస్ 7, క్రోమ్ 109. పింఛను జమ అయిందో లేదో చూసుకోవడం, ఫిక్స్‌డ్ డిపాజిట్లు తిరిగి వేయడం, కరెంటు బిల్లు కట్టడం, తిరుమల దర్శనం టికెట్లు తీయడం, అన్నీ దానిమీదే సాగుతాయి. క్రోమ్ తెరవగానే పైన ఒక పట్టీ వచ్చి, ఇకపై అప్‌డేట్లు కావాలంటే విండోస్ 10 గానీ ఆ పైది గానీ ఉండాలని చెబుతుంది. ఆయన రోజూ దాని చివర ఉన్న ఇంటూ గుర్తును నొక్కేసి తన పనిలో పడతారు.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ఈ సంగతి కదిపితే ఆయన నన్ను కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పారు. ఊరూ పేరూ లేని సైట్లు తెరవరట. తెలియనివాళ్ళు పంపిన లింకులు నొక్కరట. ఏటా డబ్బు కట్టి యాంటీవైరస్ వేయిస్తున్నారట. ఇంత జాగ్రత్తగా ఉన్న మనిషికి ఏమవుతుందో చెప్పు అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఆయన వాదనలో లోటు ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరా?

నెట్‌కాపరి:

మీ నాన్నగారు చెప్పిన మూడూ మంచి అలవాట్లే. అవి ఉన్నందువల్లనే ఆయన ఇంతకాలం క్షేమంగా ఉన్నారని కూడా అనుకోవచ్చు. అయితే ఆ మూడింటికీ మూలంలో ఒక నమ్మకం ఉంది: మనిషి ఏదో ఒక తప్పు చేస్తే తప్ప కంప్యూటరుకు హాని జరగదని. బ్రౌజరులో లోపం ఉన్నప్పుడు ఆ నమ్మకం చెల్లదు. పేజీని చూసినంత మాత్రాన, ఏమీ నొక్కకుండానే, ఏ ఫైలూ దింపుకోకుండానే హాని జరిగే అవకాశం ఉంటుంది.

బ్రౌజరు చేసే పని ఏమిటో ఆలోచించండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసిన ప్రోగ్రాములను, వాళ్ళు పంపిన బొమ్మలను, అక్షరాలను, వీడియోలను క్షణాల్లో విప్పి తెరమీద పరచడమే దాని పని. విప్పే ఆ క్షణంలోనే ప్రమాదం ఉంటుంది. 2023 సెప్టెంబరులో బయటపడ్డ వెబ్‌పీ లోపం ఇందుకు మంచి ఉదాహరణ. వెబ్‌పీ అనేది బొమ్మలను కుదించి దాచే ఒక పద్ధతి. కుదించిన బొమ్మను విప్పడానికి బ్రౌజరు ముందుగా జ్ఞాపకస్థలంలో (మెమరీలో) ఒక పట్టికకు చోటు కేటాయిస్తుంది. మామూలు బొమ్మ అయితే పట్టిక ఆ చోటులో ఇమిడిపోతుంది. కావాలని వంకరగా తయారు చేసిన బొమ్మ అయితే పట్టిక ఆ హద్దు దాటి పక్కనున్న చోటులోకి పొంగుతుంది, అక్కడున్న వేరే సమాచారాన్ని చెరిపి తన రాత రాస్తుంది. ఆ రాతను నేర్పుగా కూర్చగలిగినవాడికి మీ బ్రౌజరు పగ్గాలు చిక్కుతాయి. ఆపిల్ భద్రతా విభాగమూ, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబూ దీన్ని గూగుల్‌కు తెలిపాయి. క్రోమ్‌కు సెప్టెంబరు 11న, ఫైర్‌ఫాక్స్‌కు ఆ మర్నాడు దిద్దుబాటు వచ్చింది. వెబ్‌పీ బొమ్మలను విప్పే ఒకే కోడును (లైబ్రరీని) అందరూ వాడుకుంటున్నందువల్ల, బ్రౌజర్లే కాక ఎన్నో ఇతర ప్రోగ్రాములూ తమను తాము సరిచేసుకోవలసి వచ్చింది. ఇందులో వాడుకదారు చేసిన తప్పు ఏమీ లేదు. బొమ్మ ఉన్న పేజీని తెరిచారు, అంతే.

ఇక మంచి సైట్లే చూస్తాను అన్న మాట. సైటు మంచిదే కావచ్చు, దానిమీద కనిపించే ప్రకటన వేరే చోటినుంచి వస్తుంది. 2015 ఆగస్టులో రష్యాలోని ఒక వార్తా సైటులో కనిపించిన ప్రకటన, ఫైర్‌ఫాక్స్‌లోని పీడీఎఫ్ చూపే భాగంలో ఉన్న లోపాన్ని వాడుకుని, చదువరుల కంప్యూటర్లలో సర్వర్ల పాస్‌వర్డులు దాచే ఫైళ్ళను వెతికి బయటికి పంపింది. పని ముగిశాక ఆనవాలు కూడా మిగల్చలేదు. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా ఆగస్టు 6న దిద్దుబాటు ఇచ్చింది. ఆ చదువరులు చేసిందల్లా వార్తలు చదవడమే.

వేపచెట్టునీడ:

నెట్‌కాపరి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను 2003 నుంచి ఆరేళ్ళు గుంటూరులో ఒక చిన్న నెట్ సెంటరు నడిపాను. ఎనిమిది కంప్యూటర్లు, అన్నింట్లోనూ విండోస్ ఎక్స్‌పీ, ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ 6. ఉదయం తలుపు తీసేసరికి ఏదో ఒక మిషన్లో బ్రౌజరు మొదటి పేజీ మారిపోయి ఉండేది, అడ్రసు పట్టీ కింద ఎవరూ వేయని టూల్‌బార్లు రెండు మూడు వరసలుగా పేరుకుని ఉండేవి. ప్రతి ఆదివారం ఫార్మాట్ చేయడమే మా వైద్యం. అప్పట్లో నేను ఆ నేరమంతా పిల్లలు తెరిచే సైట్లమీద వేసి, వాళ్ళను కసిరేవాడిని.

2004 జూన్‌లో డౌన్‌లోడ్.జెక్ట్ అనే దాడి జరిగింది. వెబ్‌సైట్లను నడిపే మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ అనే సర్వర్లమీద నడిచే, పేరున్న సంస్థల సైట్లలోకే దొంగలు ముందుగా ప్రవేశించి, అక్కడి పేజీల అడుగున ఒక చిన్న స్క్రిప్టు తగిలించారు. ఎక్స్‌ప్లోరర్‌తో ఆ పేజీ తెరిచినవారి కంప్యూటర్లోకి రష్యాలోని ఒక సర్వరు నుంచి, మీటలు నొక్కినవి నొక్కినట్టు రాసుకునే ప్రోగ్రాము దిగేది. ఆ సమయానికి బ్రౌజరులోని లోపానికి పూర్తి దిద్దుబాటు రాలేదు. వేరే బ్రౌజరు వాడటం కూడా ఒక ఉపాయమని అమెరికా ప్రభుత్వపు కంప్యూటర్ భద్రతా విభాగమైన యూఎస్-సెర్ట్ తన సూచనల్లో చేర్చింది. ఆ సంగతి చదివిన రోజున, పిల్లలను కసిరినందుకు నాకు సిగ్గు కలిగింది.

వేరే బ్రౌజరుకు మారదామంటే మన తెలుగువాళ్ళకు ఒక పెద్ద చిక్కు ఉండేది. ఇప్పటి చదువరులకు తెలియకపోవచ్చు కనుక చెబుతున్నాను. ఆ రోజుల్లో తెలుగు పత్రికలు చాలావరకు, అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా కనిపించే యూనికోడ్ పద్ధతిలో లేవు. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు, ఆ ఫాంటు దానంతటదే దిగి కనిపించే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌లోనే ఉండేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అక్షరాలకు బదులు ఏవో వంకర గుర్తులు వచ్చేవి. పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చే పెద్దలకు మరో బ్రౌజరు ఎలా ఇవ్వను? తరువాత ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే పొడిగింత (ఎక్స్‌టెన్షన్) ఫైర్‌ఫాక్స్‌కు వచ్చింది. అది వేసిన రోజే నేను ఎనిమిది కంప్యూటర్లనూ మార్చేశాను. ఆదివారపు ఫార్మాట్లు నెలకు ఒకటికి తగ్గాయి. మన భాష చదవాలన్న కోరికే మనల్ని లోపాలున్న బ్రౌజరుకు కట్టిపడేసిన కాలం అది. దాన్ని మరిచిపోకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తంగేడుపూలు:

ఇంత పెద్ద సంస్థలు, ఇంతమంది ఇంజనీర్లు ఉండి కూడా బ్రౌజర్లలో లోపాలు ఎందుకు తీరవు? ప్రతి నెలా ఏదో ఒకటి దొరుకుతూనే ఉందే! యాంటీవైరస్ ఎందుకు ఆపలేదో కూడా చెప్పండి.

నెట్‌కాపరి:

తంగేడుపూలు గారూ, బ్రౌజర్లలో ఎక్కువ భాగం సీ++ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది. అందులో జ్ఞాపకస్థలాన్ని తీసుకోవడం, తిరిగి వదిలేయడం రాసేవారే చూసుకోవాలి. తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఈ జ్ఞాపకస్థలపు పొరపాట్ల నుంచే పుడుతున్నాయని, క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం బృందం 2020లో లెక్క తేల్చి చెప్పింది. అందులో మరీ తరచుగా వచ్చేదాన్ని ఇలా ఊహించుకోండి. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళారు, తాళంచెవి మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఆ ఇంట్లోకి కొత్త కుటుంబం దిగాక, పాతవాళ్ళు అదే తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వస్తున్నారు. ప్రోగ్రాములో కూడా వదిలేసిన చోటును పాత గుర్తుతో మళ్ళీ ముట్టుకునే దారి ఒకటి మిగిలిపోతుంది. కోట్ల వరసల కోడులో అలాంటి దారులన్నీ ముందే పట్టుకోవడం మనుషులకు సాధ్యం కావడం లేదు. మొజిల్లాలో పెరిగిన రస్ట్ వంటి భాషలు ఇటువంటి పొరపాట్లను రాసే దశలోనే చాలావరకు అడ్డుకుంటాయి గానీ, పాత కోడంతా ఒక్కరోజులో మారదు.

అందుకే లోపం ఉంటుందన్న ఎరుకతోనే కట్టడి చేస్తారు. క్రోమ్ 2008 సెప్టెంబరులో వచ్చినప్పుడే పేజీలను విడివిడి ప్రక్రియలుగా నడుపుతూ, వాటి చుట్టూ శాండ్‌బాక్స్ అనే ప్రహరీ కట్టింది. పేజీలో దూరినవాడు ఆ ప్రహరీ దాటాలంటే అతనికి మరో లోపం కావాలి. ఇక్కడే గోదారిగట్టు గారి ప్రశ్నకు అసలు జవాబు ఉంది. 2019 మార్చి 1న క్రోమ్‌లో సీవీఈ-2019-5786 అనే లోపాన్ని దిద్దారు. అది నేను పైన చెప్పిన తాళంచెవి రకమే. దాన్ని వాడినవాళ్ళు ప్రహరీ దాటడానికి విండోస్ కెర్నెల్‌లోని, అంటే దాని నడిగుండెలోని, మరో లోపాన్ని జోడించారు. ఆ రెండోది బహుశా విండోస్ 7లో మాత్రమే పనిచేస్తుందని, కొత్త విండోస్‌లలో చేర్చిన రక్షణలే అందుకు కారణమని గూగుల్ తెలిపింది, వీలైతే విండోస్ 10కు మారమని సూచించింది. అప్పటికి విండోస్ 7కు ఇంకా దిద్దుబాట్లు వస్తున్నాయి. 2020 జనవరి 14న మామూలు వాడుకదారులకు అవి ఆగిపోయాయి. ఇప్పుడు ఆ ఇంట్లో బ్రౌజరూ పాతదే, దానికి ప్రహరీగా నిలిచే విండోసూ పాతదే.

యాంటీవైరస్ సంగతి: అది ఎక్కువగా చేసేది డిస్కుమీదికి దిగిన ఫైలును, తనకు తెలిసిన దొంగల ఆనవాళ్ళతో పోల్చి చూడటం. బ్రౌజరు జ్ఞాపకంలోనే పని ముగించుకుని, తెరిచి ఉన్న బ్యాంకు పేజీనో దాచిన పాస్‌వర్డునో పట్టుకుపోయేవాడు దానికి చిక్కుతాడన్న భరోసా లేదు.

ఓరుగల్లువాసి:

నాకు ఒక అభ్యంతరం ఉంది, మర్యాదగానే చెబుతున్నాను. మీరు చెప్పిన వెబ్‌పీ వంటి కొత్త లోపాలను ఎక్కువగా మొదట వాడేది పాత్రికేయులమీద, ఉద్యమకారులమీద, సంస్థలమీద. అటువంటి లోపం ఒక్కటి కొనాలంటే లక్షల డాలర్లు అవుతాయి. దాన్ని పింఛనుదారుమీద ఎవరు ప్రయోగిస్తారు? మా వీధిలో ఈ రెండేళ్ళలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నలుగురు నాకు తెలుసు. ముగ్గురు ఫోనులో ఓటీపీ చెప్పి, ఒకరు తెరను పంచుకునే యాప్ వేయించుకుని పోగొట్టుకున్నారు. బ్రౌజరు లోపం వల్ల పోయినవారు ఒక్కరూ లేరు. పెద్దవాళ్ళను లేనిపోని భయంతో నింపితే, నిజంగా భయపడవలసిన చోట వాళ్ళు ఏమరుపాటుగా ఉంటారేమో అని నా బాధ.

నెట్‌కాపరి:

మీ బాధ సరైనదే, మీరు చెప్పిన లెక్క కూడా నేను చూస్తున్నదానికి దగ్గరగానే ఉంది. ఎవరికీ తెలియని కొత్త లోపం మొదటి రోజుల్లో ఖరీదైనది, ఎంచుకున్న మనుషులమీదే దాన్ని వాడతారు. అయితే దిద్దుబాటు విడుదలైన రోజున దాని ధర పడిపోతుంది. క్రోమియం మూలసంకేతం (సోర్స్ కోడు) అందరికీ బహిరంగం. ఏ వరసను మార్చారో చూసినవాడికి లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. అప్పటినుంచి అది అప్‌డేట్ చేసుకోనివారికి మాత్రమే ప్రమాదం. గూగుల్ 2023 ఆగస్టు నుంచి క్రోమ్‌కు భద్రతా దిద్దుబాట్లను వారంవారం ఇవ్వడానికి కారణం ఈ ఎడాన్ని తగ్గించడమే.

మామూలు ఇళ్ళమీదికి ఇది రాదనుకోవడానికీ లేదు. 2016 మార్చిలో ప్రపంచంలో పేరెన్నిక గన్న వార్తా సైట్ల ప్రకటనల్లోకి ఆంగ్లర్ అనే దాడి సామగ్రి చొరబడింది. అది వచ్చినవారి బ్రౌజరును, అందులో వీడియోలు, ఆటలు నడిపే ఫ్లాష్, సిల్వర్‌లైట్ అనే జోడింపులను పరీక్షించి, ఏది పాతదైతే దాని గుండా ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామును దించేది. అది మనిషి ఎవరో చూడలేదు, వెర్షను ఎంతో చూసింది. బ్రౌజర్లు తమంతట తాము అప్‌డేట్ కావడం, ఫ్లాష్ 2020 చివరితో ముగిసిపోవడం వల్ల ఆ రకం దాడులు తగ్గాయి. ఆ రక్షణే మీ నాన్నగారి కంప్యూటరుకు అందడం లేదు.

కొత్తపేట శారద:

నేను కంప్యూటర్ నిపుణురాలిని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. మా ఇంట్లో జరిగినది చెబితే ఎవరికైనా ఉపయోగపడుతుందేమో. మా ల్యాప్‌టాప్ కొత్తదే, విండోస్ 11. కానీ నేను ఎప్పుడూ మూత దించేస్తానే తప్ప బ్రౌజరును మూయను. పిల్లల చదువువి, నా వంటలవి కలిపి నలభై ట్యాబులు తెరిచే ఉంటాయి. ఒకరోజు మా తమ్ముడు వచ్చి, కుడివైపు పైమూలన ఎర్రగా ఏదో కనిపిస్తోంది, ఎన్నాళ్ళయిందక్కా అని అడిగాడు. అప్‌డేట్ దిగి సిద్ధంగా ఉన్నా, బ్రౌజరును మూసి తెరిచేదాకా పాతదే నడుస్తూ ఉంటుందట. మొదట్లో ఆకుపచ్చ, నాలుగు రోజులైతే నారింజ, వారం దాటితే ఎరుపు అని వివరించాడు. అది ఎర్రగా మారి నెలలయి ఉంటుంది! ట్యాబులు పోతాయేమోనని భయపడ్డాను గానీ, మళ్ళీ మొదలుపెట్టు అన్న మీట నొక్కితే అన్నీ తిరిగి వచ్చాయి. ఇప్పుడు ప్రతి రాత్రీ పూర్తిగా మూసేస్తున్నాను.

నెట్‌కాపరి:

శారద గారూ, మీరు రాసినది నా పొడుగాటి వివరణలన్నింటికన్నా ఎక్కువమందికి అక్కరకు వస్తుంది. 2019 మార్చి లోపం సమయంలో కూడా క్రోమ్ బృందం ఇదే నొక్కి చెప్పింది: అప్‌డేట్ దిగితే చాలదు, బ్రౌజరును మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక్క హెచ్చరిక జోడిస్తాను. మీ బ్రౌజరు పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి అని ఏదైనా పేజీ మధ్యలో కనిపిస్తే అది దొంగది. నిజమైన అప్‌డేట్ మూడు చుక్కల మెనూలో సహాయం కింద, గూగుల్ క్రోమ్ గురించి అన్నచోటనే ఉంటుంది. అక్కడికి వెళ్ళినంత మాత్రాన అదే వెతికి దించుకుంటుంది.

వేపచెట్టునీడ:

పొడిగింతల గురించి కూడా ఒక మాట. ది గ్రేట్ సస్పెండర్ అని, వాడని ట్యాబులను నిద్రపుచ్చే పొడిగింత ఒకటి క్రోమ్‌లో ఉండేది. మంచి పేరున్నది, నేనూ వాడాను. 2020లో దాని సొంతదారు వేరేవారికి అమ్మేశారు. కొత్తవారు అందులో హానికరమైన కోడు చేర్చారని 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. వేసిననాడు మంచిదే కదా అని ఊరుకోకుండా, అక్కరలేనివాటిని తీసేయడం మేలు.

గోదారిగట్టు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఫోను చేసి, తాళంచెవి పోలిక, వార్తా సైటు ప్రకటన సంగతి చెప్పాను. చాలాసేపు మౌనంగా విని, అయితే ఇది నా జాగ్రత్తకు అందని విషయమన్నమాట అన్నారు. మారడానికి ఒప్పుకున్నారు. అయితే అసలు అడ్డంకి అప్పుడు బయటపడింది. ఆయన పత్రికలకు వ్యాసాలు రాస్తారు. ఇరవై ఏళ్ళుగా అను ఫాంట్లతో, ఆపిల్ కీబోర్డు అమరికతో టైపు చేస్తున్నారు, ఆ ఫైళ్ళన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థను వేస్తే పాత కంప్యూటర్లోనూ తాజా ఫైర్‌ఫాక్స్ నడుస్తుందని ఒక మిత్రుడు చెప్పాడు గానీ, అందులో అను నడవదు కదా. విండోస్ 10 వేద్దామా అంటే దాని మామూలు దిద్దుబాట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఏం చేయమంటారు?

నెట్‌కాపరి:

రెండు పనులను విడదీయండి. పాత కంప్యూటరును వ్యాసాలకే ఉంచి, దాని నెట్ తీగను తీసేయండి. నెట్ లేని కంప్యూటర్లో అను ఎన్నాళ్ళయినా క్షేమంగా నడుస్తుంది. ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌తో తీసుకెళ్ళవచ్చు, ఆ పెన్‌డ్రైవ్‌ను బయట జిరాక్సు షాపుల్లో పెట్టకుండా చూసుకోండి. బ్యాంకు, టికెట్లు, వార్తలకు వేరే యంత్రం ఉండాలి. ఇంట్లో ఇంకో పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే దానిలో మింట్ వేయండి, బ్రౌజరు తెరిచాక ఆయనకు పెద్ద తేడా కనిపించదు. విండోస్ 10 ఉన్న యంత్రమైతే, అదనపు భద్రతా దిద్దుబాట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు గడువు దొరుకుతుంది. విండోస్ 7 కోసం ఫైర్‌ఫాక్స్ 115 దీర్ఘకాలిక వెర్షనుకు మొజిల్లా గడువు పొడిగిస్తూ వచ్చింది గానీ, కింద ప్రహరీ లేదు కనుక బ్యాంకు పనులకు అది వద్దు.

ఓరుగల్లువాసి:

నా తరఫున ఒకే విన్నపం. కొత్త యంత్రం ఎదుట కూర్చోబెట్టిన రోజునే, మోసం జరిగితే వెంటనే పిలవవలసిన 1930 నంబరును కూడా కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. డబ్బు చేతులు మారకముందే ఆపాలంటే ఎంత త్వరగా ఫోను చేస్తే అంత మంచిది.

గోదారిగట్టు:

శనివారం రాజమహేంద్రవరం వెళ్ళి వచ్చాను. చెల్లెలు కాలేజీలో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాము, తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. పాత కంప్యూటరు వెనకనుంచి నెట్ తీగను నాన్నగారే స్వయంగా తీసి, చుట్టచుట్టి సొరుగులో పెట్టారు. 1930 కాగితం క్యాలెండరు పక్కన ఉంది. ఆయన ఒక ప్రశ్న మిమ్మల్ని అడగమన్నారు: పాత క్రోమ్‌లో దాచి ఉన్న పాస్‌వర్డుల మాటేమిటి?

నెట్‌కాపరి:

చాలా మంచి ప్రశ్న అడిగారు. ముందుగా కొత్త యంత్రంనుంచి బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులు రెండూ మార్చమనండి. ఈమెయిలు మొదట, ఎందుకంటే మిగతావాటిని తిరిగి తెచ్చుకునే దారి దాని గుండానే పోతుంది. తరువాత పాత క్రోమ్ సెట్టింగులలో పాస్‌వర్డుల జాబితాకు వెళ్ళి ఒక్కొక్కటే తొలగించండి. వాటిని ఫైలుగా దింపుకునే సదుపాయం కూడా అక్కడే ఉంటుంది గానీ, ఆ ఫైలులో పాస్‌వర్డులు ఎవరైనా చదవగలిగేలా విడి అక్షరాలతో ఉంటాయి కనుక దాన్ని వాడవద్దు. ఈ తొలగింపంతా పాత కంప్యూటరుకు నెట్ తీగ తగిలించకుండానే చేయవచ్చు.